గొడ్రాలు అను మాట



పిల్లలు లేని స్త్రీని పిలుచుటకు మన పల్లెలలో ఒక మాట ఉన్నది. కాయని చెట్టుకు, ఈనని ఆవుకు తగిలించు మాటనే ఆడుదానికిని తగిలించినారు. పిల్లలు లేని పురుషుని పిలుచుటకు మాత్రము అటువంటి మాటను నేను పుట్టి పెరిగిన డోర్నకల్‌లో గాని, మెట్టిన జనగామలో గాని, ఇప్పుడు కాపురమున్న భూపాలపల్లిలో గాని వినలేదు. నిఘంటువులలో ఎక్కడనైన ఉండవచ్చును; నీళ్ళ ట్యాంకు వద్ద మాత్రము లేదు. మాట లేదు గనుక ఆ తలంపు కూడ ఎవరికిని రాదు. పెండ్లియై మూడేండ్లు గడచినను ఉయ్యాల కట్టని ఇల్లు కనబడగానే ఊరందరి చూపు కోడలి కడుపుమీదనే పడును.

ఈ పత్రికను కొన్ని ఊళ్ళలో ఆదివారపు ఆరాధన ముగిసిన తరువాత ఒకరు పైకి చదువగా తక్కినవారు చాపలమీద కూర్చుండి విందురని నేనెరుగుదును. ఇటువంటి సంగతి స్త్రీలును పురుషులును కూడిన చోట చదువదగునా అని పెద్దలు వెనుదీయవచ్చును. అయ్యలారా, గొడ్రాలు అను నింద నలుగురిలోనే వేయబడుచున్నది గదా! దానికి జవాబు మాత్రము చెవిలో చెప్పవలెనా? నేను మర్యాద తప్పకుండ వ్రాయుదును. మీరు నడుమ విడువకుండ చదువుడి.

మొదట వైద్యులు చెప్పునది వినుడి. భార్యాభర్తలు ఒక సంవత్సరము ఏ అడ్డును లేకుండ కాపురము చేసినను గర్భము నిలువనియెడల దానిని సంతానలేమి అందురు. భార్యకు 35 సంవత్సరములు దాటినచో ఆరు నెలలకే వైద్యుని అడుగుట మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినదాని ప్రకారము లోకములో ప్రతి ఆరుగురిలో ఒకరు తమ జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ కష్టమును ఎరుగుదురు. అట్టి జంటలు మన ప్రాంతములో పది ఉన్నవనుకొనుడి. వాటిలో సుమారు రెండింట కారణము పురుషునియందు మాత్రమే యుండును. మరి మూడింట, ఒక్కొక్కప్పుడు నాలుగింట, ఇద్దరియందును కొంత కొంత యుండును. అనగా సగము ఇండ్లలో మగవాని పరీక్ష లేకుండ చేయు వైద్యమంతయు చీకటిలో సూది వెదకుటయే. లోపము స్త్రీలో ఉండదని నేను అనుటలేదు. ఉండును. ఎంత వెదకినను ఎవరియందును కారణము కనబడని జంటలును కలరు. నేను అడుగునదల్లా, తీర్పుకు ముందు ఇద్దరి సాక్ష్యమును వినుడి అని మాత్రమే.

ఈ సంగతి నాకెట్లు తెలిసినదో చెప్పెదను. నాకు 2003లో పెండ్లియైనది. మా వారిది జనగామ తాలూకా పల్లె. 2008లో ఆయనకు భూపాలపల్లి బొగ్గుగనుల వద్ద టిప్పరు నడుపు పని దొరకగా అక్కడికి వచ్చితిమి. పెండ్లియైన నాటినుండి తొమ్మిది సంవత్సరములు నా ఒడి నిండలేదు. ఆ తొమ్మిదేండ్లలో నేను చూడని వైద్యము లేదు. ఒక పట్టణపు ప్రైవేటు ఆసుపత్రిలో మూడుసార్లు గర్భసంచి కడిగిరి. గొట్టములు తెరచియున్నవో లేదో చూచుటకు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసిరి. మా అమ్మ ఇచ్చిన గొలుసు ఆ గదులలోనే కరగిపోయినది. ఇన్ని చేసినవారు ఒక్కనాడైనను, "మీ ఆయన ఏడమ్మా? ఆయన్ను తోలుకొని రా" అని అడుగలేదు. ఆయన బయట వేపచెట్టు క్రింద కూర్చుండి నాకొరకు కనిపెట్టుచుండెడివారు.

ఇంటి సంగతి వ్రాయుట కష్టము గాని వ్రాయకుండుట సరి కాదు. మా తోడికోడలి బిడ్డ తొట్టెల పండుగనాడు అందరును ఉయ్యాల ఊపుచుండగా నన్ను వంటయింట పూరీలు కాల్చుమని పంపిరి. మేము క్రైస్తవులమే! దిష్టి, శకునము విడిచితిమని చెప్పుకొనువారమే! కాని ఆ ఉయ్యాల తాడు నా చేతికి రానీయలేదు. తరువాత మారుమనువు మాట వచ్చినది. మా అత్తమ్మ తన అన్న కూతురి పేరు ఎత్తెను. ఆమె చెడ్డ మనిషి కాదు. ఒక్కగానొక్క చిన్నకొడుకు ఇంట దీపము చూడవలెనని ఆమె కోరిక. ఆ కోరికకు అడ్డముగా ఆమెకు కనబడినది నేనొక్కదాననే.

మా వీధిలో ఉద్యోగ విరమణ చేసిన నర్సమ్మ ఒకరు ఉండెడివారు. 2012లో ఒకనాటి సాయంకాలము నా కాగితములన్నియు ముందు వేసికొని చూచి, కండ్లద్దములు తీసి, మా వారితోనే అనిరి: "ఇద్దరు కలిసి దున్నిన చేనుకు ఒక్కరి మీదనే పంచనామా ఏంది బిడ్డా? నీది ఒక్క కాగితమన్న లేదు ఇండ్ల." ఆయన జవాబు చెప్పలేదు. నాలుగు నెలలు ఆ మాట మా ఇంట ఎవరమును ఎత్తలేదు. ఆయన భయపడినది పరీక్షకు కాదు. నామర్ద అందురేమో అని.

చదువరీ, ఇక్కడ కొంచెము నిలువుడి. మన తెలంగాణములో ఆ నామర్ద అను మాట ఒకటి ఉన్నది గదా, పురుషునికి మాట లేదంటివే అని నన్ను అడుగవచ్చును. ఆ మాటకు అర్థము వేరు. అది కాపురము చేయు శక్తి లేనివానిని అనునది. సంతానలేమి అది కాదు. కండబలము, మీసము, గొంతు, భార్యతో కాపురము అన్నియు సరిగా ఉన్న పురుషుని వీర్యములో బిడ్డను కలిగించు కణములు ఒక్కటియు లేకపోవచ్చును. కంటికి ఆ వీర్యము ఎప్పటివలెనే ఉండును. అద్దములో పెట్టి చూచినగాని తెలియదు. నూరుమంది పురుషులలో సుమారు ఒకరికి ఇట్లుండును. ఈ రెండు సంగతులను ఒకటిగా కలుపుటచేతనే మన మగవారు పరీక్షకు పోరు. గోడలమీద నరముల బలహీనతకు మందు అని వ్రాసిన లాడ్జి వైద్యులు బ్రతుకుచున్నదియు ఈ కలగాపులగము వలననే.

మా వారు చివరకు వరంగల్లు పోయి పరీక్ష చేయించుకొనిరి. నెల విడిచి రెండవసారియు చేయించిరి. రెండు కాగితములలోను సున్న. వైద్యుడు ఆయనను పరీక్షించి, వృషణములు రెండును చిన్నవైయున్నవని చూచి, "ఈడు వచ్చినంక గవదబిళ్ళలు అయినయా?" అని అడిగిరి. ఆయనకు సరిగా జ్ఞాపకము లేదు. ఆ ఆదివారము మేము జనగామ పోతిమి. భోజనములైన తరువాత ఆయన, తన అన్నయు వదినెయు వినుచుండగానే, "అవ్వా, లోపం నాలో ఉన్నది. దాన్ని ఇగ ఏమనకుండ్రి" అనిరి. తరువాత గవదబిళ్ళల సంగతి అడిగిరి. మా అత్తమ్మ చాలసేపు మాటలాడలేదు. పిమ్మట మెల్లగా, "ఇంటర్ చదివే ఏడు దవడలు రెండు వాచినయి బిడ్డా. కింద గుడ వాచింది. పది దినాలు మంచం దిగలే. పసరు పోయించినం. తగ్గిందనుకున్నం" అనెను. అనేక సంవత్సరములుగా మేము వెదకుచున్న కారణము ఆమె జ్ఞాపకములోనే ఉండెను. ఎవరును అడుగలేదు గనుక ఆమె చెప్పలేదు.

గవదబిళ్ళలు చిన్నపిల్లలకు వచ్చిన సాధారణముగ ఈ చెరుపు చేయవు. ఈడు వచ్చిన తరువాత వచ్చినచో, వంద మందిలో ఇరువది ముప్పదిమందికి వృషణములు వాచును. అది ఎక్కువగా ఒకవైపే గనుక చాలమంది సంతానము కనుచునే యున్నారు. రెండువైపుల వాచి రెండును ఎండిపోవుట అరుదు. ఆ అరుదైనది మా ఇంటికి వచ్చినది. గవదబిళ్ళలకు టీకా ఉన్నది. అబ్బాయిలున్న తల్లిదండ్రులు దానిని గూర్చి పిల్లల వైద్యుని అడుగుట మంచిది.

ఇక తక్కిన కారణములు. అన్నియు నేను చెప్పలేను. మన ప్రాంతపు బ్రతుకునకు దగ్గరగా ఉన్నవి చెప్పెదను.

దేవుడు పురుషుని బీజసంచిని శరీరమునకు వెలుపల ఎందుకు పెట్టెనో ఎన్నడైన తలంచితిరా? బీజములు తయారగుటకు ఒంటి వేడికన్న రెండు నుండి నాలుగు డిగ్రీలు తక్కువ వేడి కావలెను. అందుచేతనే పుట్టిన బిడ్డకు వృషణము సంచిలోనికి దిగక కడుపులోనే నిలిచిపోయినచో అది లోపలి వేడికి చెడును. తల్లులారా, అవ్వలారా, మీరు బిడ్డను కాళ్ళమీద పరుండబెట్టుకొని నూనె రాచి నీళ్ళు పోయునప్పుడు సంచిలో రెండును ఉన్నవో లేవో చేతితో చూడుడి. ఆరు నెలలు వచ్చినను ఒకటి కనబడనియెడల "పెద్దయితే అదే దిగుతది" అని కూర్చుండక ఆసుపత్రికి తీసికొనిపోవుడి. సంవత్సరము నిండునాటికి, ఆలస్యమైనను ఒకటిన్నర సంవత్సరములోపల, ఆపరేషను జరుగవలెను. ఇరువది యేండ్ల తరువాతి కోడలి కన్నీరు ఆ నీళ్ళు పోయు చేతులలో ఉన్నది.

ఇదే వేడి సంగతి కొలిమి, బట్టీ, చెల్పూరు విద్యుత్ కేంద్రములోని బాయిలరు, టిప్పరు సీటు వీటికిని కొంత వర్తించును. దినమంతయు వేడిలో కూర్చుండి పనిచేయువారికి కణములు తగ్గవచ్చును. అయితే ఆ పని చేయువారందరికి పిల్లలు లేరా? ఉన్నారు. ఇది ఒక్కటే కారణమైన ఇల్లు తక్కువ. ఇతర లోపమునకు ఇది తోడగును. తీవ్రమైన జ్వరము వచ్చిన తరువాత కూడ రెండు మూడు నెలలు కణములు తగ్గును. ఒక బీజకణము తయారగుటకు సుమారు రెండున్నర నెలలు పట్టును. పెసరపంట చేతికి వచ్చు కాలమనుకొనుడి. కాబట్టి జ్వరమైన మరునెలలో చేసిన పరీక్షను చూచి గుండె చెదరనక్కరలేదు. కల్లు, పొగ మానిన నెలలోపలనే ఫలము చూపుమనుటయు న్యాయము కాదు.

సంచిలోని సిరలు ఉబ్బి వానపాముల ముద్దవలె చేతికి తగులుట మరియొక కారణము. వైద్యులు దీనిని వెరికోసీల్ అందురు. మన పల్లెలో బుడ్డ అనునది, అనగా నీరు చేరునది, ఇది కాదు. ఇది ఎక్కువగా ఎడమవైపున వచ్చును. పురుషులలో నూటికి పదునైదుగురికి ఉండును, వారిలో చాలమందికి ఏ ఇబ్బందియు ఉండదు. సంతానము లేక వైద్యునియొద్దకు వచ్చు పురుషులలో మాత్రము నూటికి ముప్పదియైదు మంది దాక దీనితో వచ్చుచున్నారు. చిన్న ఆపరేషనుతో కొందరికి మేలు కలుగును. పురుషుని లోపములలో బాగుపడదగినవి కలవనుటకు ఇది సాక్ష్యము. దీనికే భయపడి పరీక్షకు పోనివాడు తన చేతులారా తలుపు మూసికొనుచున్నాడు.

మన మూడు జిల్లాలును ప్రత్తి, మిర్చి పండించు జిల్లాలు. పురుగుమందు సంగతి చెప్పక తీరదు. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో లాథ్రోప్ అను ఊరి వద్దనున్న మందుల కర్మాగారములో ఒక సంగతి జరిగినది. పంట వేళ్ళను పట్టు నులిపురుగులను చంపు మందు అక్కడ తయారగుచుండెను. దాని పేరు డీబీసీపీ. అక్కడి కూలీలు భోజనవేళ మాటలాడుకొనుచు, తమలో చాలమందికి ఈమధ్య పిల్లలు కలుగలేదని గమనించిరి. ఎవరి బలమును తగ్గలేదు, ఎవరికిని జబ్బు లేదు. పరీక్ష చేయింపగా, మూడు సంవత్సరములు, అంతకు మించి ఆ పనిలో ఉన్నవారికి కణములు దాదాపు లేకుండ పోయినవని తెలిసినది. మూడు నెలలకు మించని వారికి బాగుగనే ఉండెను. రెండేండ్లలో ఆ దేశములో దాని వాడుకను చాలవరకు ఆపివేసిరి. ఆ తరువాత కూడ కొన్నాళ్ళు మధ్య అమెరికా అరటితోటలలో ఆ మందును వాడగా వేలమంది కూలీలు నష్టపోయిరి.

ఆ కర్మాగారపు సంగతిలో నన్ను ఆపినది మందు పేరు కాదు. ఆ మగవారు ఒకరితో ఒకరు మాటలాడుకొనిరి. మన ప్రత్తిచేనిలో పదిమంది మగవారు పంపులు వీపున తగిలించుకొని పదేండ్లు కలిసి మందు కొట్టుదురు, "నీకు పిల్లలు కలుగుట లేదా? నాకును లేదు" అని ఒకనితో ఒకడు అనడు.

మన దేశములోను ఇటువంటి సంగతి ఉన్నది. కేరళలోని కాసరగోడు జీడితోటలపై ఇరువది యేండ్లకు పైగా ఎండోసల్ఫాన్‌ను ఆకాశమునుండి చల్లిరి. అక్కడి మగపిల్లలను పరీక్షించిన పరిశోధకులు వారికి ఈడు వచ్చుట ఆలస్యమగుచున్నదని 2003లో ప్రకటించిరి. సుప్రీము కోర్టు 2011లో ఆ మందును దేశమంతట ఆపినది. అంతకు ముందు మన ప్రత్తిచేలలోను అది వాడుకలో నున్నదే. ఇప్పుడు మనము కొట్టు మందులన్నియు డీబీసీపీ వంటివని చెప్పుట సత్యము కాదు. కాని వాటిలో కొన్నింటి వాసన నిత్యము పీల్చువారిలో కణములు తగ్గుచున్నట్లు పలు దేశముల పరిశోధకులు చూచినారు. కాబట్టి చొక్కా లేకుండ, లుంగీ ఎగగట్టి, ఎదురుగాలికి మందు కొట్టకుడి. చేతితో మందు కలుపకుడి. తడిసిన బట్టలతో ఇంటికి వచ్చి బిడ్డలను ఎత్తుకొనకుడి.

కల్లు, సారా, సిగరెట్టు, గుట్కా సంగతి మీ కాపరి వేరు కారణములచేత మీకు చెప్పుచునే ఉండును గనుక నేను పొడిగింపను. ఒక్క మాట. మన కల్లు దుకాణములలో కొన్నింట చెట్టు కల్లు కాక అల్ప్రజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన నీళ్ళు అమ్ముచు పట్టుబడుచున్నారు. దానికి అలవాటైన శరీరమునకు సంతానముతో పని ఏమున్నది, బ్రతుకుటయే కష్టము.

యౌవనస్థులు ఎరుగవలసినది ఇంకొకటి కలదు. కండలు పెంచుటకు జిమ్ములలో ఇచ్చు టెస్టోస్టిరోన్ సూదులు, స్టెరాయిడ్ మాత్రలు మగతనము ఇచ్చునని అమ్ముదురు. జరుగునది దానికి ఎదురు. బయటినుండి ఆ మందు వచ్చుచుండగా శరీరము లోపలి పనిని ఆపివేయును. కణములు సున్నకు దిగిపోవును. మానిన తరువాత చాలమందికి తిరిగి వచ్చును గాని నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును.

సుఖవ్యాధులు, క్షయ బీజము నడచు నాళములను మూసివేయగలవు. మధుమేహము ఈ మార్గములోని నరములను చెరుపగలదు. కొన్ని లోపములు పుట్టుకతోనే వచ్చును. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు, వీర్యకణములు బొత్తిగా లేని మన దేశపు పురుషులను పరీక్షించి, వారిలో సుమారు పండ్రెండుగురిలో ఒకరికి వై క్రోమోజోములో కొంత తునక లోపించియున్నదని 2003లో ప్రకటించిరి. అది తండ్రి తప్పు కాదు, తల్లి తప్పు కాదు, ఎవరి పాపమునకు ఫలితమును కాదు.

ఈ పాపపు మాట వచ్చినది గనుక వాక్యమును గూర్చి కొంచెము. సంఘములో సంతానలేమి మాట రాగానే మనకు శారా, రాహేలు, హన్నా గుర్తుకు వత్తురు. ముగ్గురును స్త్రీలే. అయితే ఆ ఇండ్లను మరల చూడుడి. అబ్రాహామునకు హాగరువలన ఇష్మాయేలు పుట్టెను. యాకోబునకు లేయావలన బిడ్డలు కలిగిరి. ఎల్కానాకు పెనిన్నావలన పిల్లలుండిరి. ఆ ఇండ్లలో లోపము ఎవరిదో తెలియుటకు కన్నులెదుట ఆనవాలు ఉండెను. మన ఇండ్లలో ఏ ఆనవాలు ఉన్నది? ఆ స్త్రీల పేర్లు ఎత్తి మన కోడండ్ర మీద పెట్టుట ఏ న్యాయము?

మోయాబు దేశములో మరియొక ఇల్లు కలదు. నయోమి కుమారులైన మహ్లోను, కిల్యోను ఇద్దరును పెండ్లాడి సుమారు పది సంవత్సరములు అక్కడ కాపురముండిరి. రెండు ఇండ్లలోను ఒక్క బిడ్డ మాటయు లేదు. ఇద్దరును చనిపోయిరి. తరువాత మహ్లోను భార్యయైన రూతు బేత్లెహేముకు వచ్చి బోయజును పెండ్లాడి ఓబేదును కనెను; ఆ ఓబేదు దావీదునకు తాత. మహ్లోను ఇంట పదేండ్లు బిడ్డ ఎందుకు కలుగలేదో లేఖనము చెప్పదు. గర్భమిచ్చినవాడు దేవుడని మాత్రము చెప్పును. చెప్పనిదానిని నేను చెప్పను. కాని ఆ పదేండ్లును రూతు మన ఊళ్ళలో ఉన్నయెడల ఆమెను మనము ఏమని పిలిచియుందుమో మీరెరుగుదురు. నయోమి ఆమెను ఆ మాట అన్నట్లు ఎక్కడను లేదు. నా కష్టకాలమున ఈ గ్రంథమును ఎన్నిసార్లు చదివితినో లెక్క లేదు.

కాపరులకు, బైబిలు స్త్రీలకు ఒక మనవి. సంతానము లేని దంపతులకొరకు మీరు ప్రార్థించునప్పుడు స్త్రీని ఒక్కదానినే ముందుకు పిలిచి మోకరింపజేయకుడి. ఆమె అక్కడ మోకరించిన క్షణమున సంఘమంతయు ఆమెకు తీర్పు చెప్పును. ఇద్దరిని పిలువుడి, లేదా ఇద్దరిని తమ తమ స్థలములలోనే ఉండనిచ్చి ప్రార్థింపుడి.

మా సంగతి విననివ్వమని కొందరు అడుగుదురు. 1992 తరువాత ఒక్క కణముతోనైన గర్భము నిలుపు విధము వైద్యులకు దొరికినది. మా వారికి ఆ ఒక్కటియు దొరకలేదు. ఇతరుని బీజముతో బిడ్డను పొందు మార్గమును వైద్యుడు చెప్పిరి. దానిని గూర్చి ఏ దంపతులైనను ఒకరికొకరు దాచక మాటలాడుకొని మనస్సాక్షి ఎదుట నిర్ణయించుకొనవలెను. మేము వద్దనుకొంటిమి, కోరినవారిని నేను నిందింపను. ఏది చేసినను, 2021 చట్టము ప్రకారము అట్టి కేంద్రములన్నియు ప్రభుత్వమునొద్ద నమోదై యుండవలెను. ఆ పత్రము చూపనిచోట పైసా కట్టకుడి. మేము చట్టప్రకారము పేరు వ్రాయించుకొని కనిపెట్టితిమి. ఇప్పుడు మా ఇంట ఏడవ తరగతి చదువు ఆడపిల్ల ఉన్నది. ఆమెకు లెక్కలంటే ఇష్టము, కాకరకాయ అంటే పడదు. మా అత్తమ్మ ఆమెకు జడలు వేయుచు పాత సంగతులన్నియు చెప్పును, గవదబిళ్ళల సంగతి తప్ప.

పురుషుని పరీక్ష ఎట్లు జరుగునో తెలియకనే చాలమంది జంకుదురు గనుక అది వ్రాసి ముగించెదను. స్త్రీకి చేయు పరీక్షలతో పోల్చిన ఇది అతి సులభము. సూది లేదు, కత్తి లేదు, మత్తు లేదు. ఖర్చు కొన్ని వందల రూపాయలు. 2022లో మహబూబాబాద్‌లోను, 2023లో జనగామ, భూపాలపల్లిలోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనవి. మొదట మీ జిల్లా ఆసుపత్రిలో అడుగుడి; అక్కడ వీలు లేనియెడల ఎక్కడికి పోవలెనో వారే చెప్పుదురు. పరీక్షకు ముందు రెండు దినములకు తక్కువ కాకుండ, ఏడు దినములకు మించకుండ భార్యాభర్తలు ఎడముగా ఉండవలెను. పరీక్షశాలవారు ఇచ్చిన సీసాలోనే, తలుపు గల గదిలో, వీర్యమును తీసి ఇయ్యవలెను. ఇది పాపమా అని నన్ను అడిగిన సహోదరులున్నారు. వైద్యునికి రక్తము, మూత్రము ఇచ్చునట్లే ఇదియు ఇచ్చుచున్నాము. ఇందులో దాపరికము లేదు, భార్య ఎరిగియే యున్నది. ఇంటినుండి తెచ్చు ఏర్పాటైతే చలి, ఎండ తగులకుండ చొక్కాలోపల పెట్టుకొని గంటలోపల అందింపవలెను. సబ్బు తగిలిన సీసా పనికిరాదు. కొంత ఒలికిపోయినచో దాచక చెప్పుడి, లెక్క తప్పును.

కాగితములో మిల్లీలీటరుకు 16 మిలియన్లు, అనగా కోటి అరువది లక్షలకు పైగా కణములున్నవనియు, నూటికి 42 కదలుచున్నవనియు ఉన్నచో అది సాధారణమునకు క్రింది హద్దు దాటినట్లే. దానికి తగ్గినంత మాత్రమున పిల్లలు కలుగరని కాదు. ఒకసారి తక్కువ వచ్చినచో భయపడక, జ్వరము గాని మందులు గాని ఏమైన ఉన్నవేమో వైద్యునికి చెప్పి, ఆయన చెప్పిన గడువునకు మరల చేయించుడి. రెండు కాగితములును కలిపి, భార్య కాగితములతో ఒకే సంచిలో పెట్టి, ఇద్దరును కలిసి తీసికొనిపోవుడి.